ఊలు వంతెన మీద పువ్వు

పాలగెడ్డ మున్సిపాలిటీ వారు గెడ్డ మీద వంతెనను సిమెంటుతో కాకుండా ఊలుతో అల్లించాలని తీర్మానించినప్పుడు ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఏ రంగు ఊలు అన్నదాని మీదే రెండు సమావేశాలు నడిచాయి. సిమెంటు వంతెన అంచనాలు పై ఆఫీసుకు వెళ్లి తిరిగి రాక ఏళ్లవుతోంది. ఈలోగా చలికాలపు దుస్తుల పథకం కింద వచ్చిన నిధులు ఖర్చు కాకుండా మిగిలాయి. మార్చి నెలాఖరు దాటితే అవి వెనక్కి పోతాయి. కాబట్టి వంతెనను స్వెట్టరు కింద రాసుకున్నారు. చేతులు లేని స్వెట్టరు, కొలత పెద్దది, తొడుక్కునేవారు ప్రజలు. గుండీలు ఎన్ని అని పై ఆఫీసు ఒక్క ప్రశ్న వేసింది. గుండీలు లేవని రాయగానే మంజూరు వచ్చేసింది.

అల్లే మనిషి కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఊళ్లో ఊలు, సూదులు అంటే హైమావతే. ఆవిడ అల్లిక కన్నా ఆవిడ విప్పడం ఎక్కువ పేరు పొందింది. ఎక్కడో ఒక కుట్టు ఉల్టా పడవలసింది సీదా పడిందని తెలిస్తే చాలు, మెడ దాకా వచ్చిన స్వెట్టరునైనా మొదలంటా లాగి పారేసేది. ఒకసారి ఆడపడుచు కొడుకు బళ్లో గ్రూపు ఫోటోకి నిలబడి ఉంటే, చంక కింద తప్పు కనబడిందని వరసలోంచి బయటికి పిలిచి, ఒంటి మీదుండగానే విప్పేసింది. ఆ ఏడాది ఫోటోలో కుర్రాడు బనీనుతో ఉన్నాడు. వాడు పెద్దవాడై బ్యాంకులో చేరినా ఆ ఫోటో సంగతి మరిచిపోలేదు. హైమావతి మాత్రం ఆ కథ ఎవరైనా చెబుతుంటే కొంగు సర్దుకుంటూ పక్కకు చూసేది. అది గర్వమని అందరికీ తెలుసు.

అలాంటి మనిషికి లోకం పెట్టే చిన్న చిన్న చిరాకులు అన్నీ ఇన్నీ కావు. ఖాళీగానే ఉంటారు కదా, మా బాబుకొకటి అల్లి పెడుదురూ అంటారు. అల్లి ఇస్తే, బజారులో ఇంతకన్నా మెత్తగా దొరుకుతున్నాయంటారు. ప్రాణం పెట్టి అల్లిన మఫ్లరుతో పక్కింటావిడ కుక్కరు దించడం ఆవిడ కళ్లారా చూసింది. ఆకుకూరల గున్నమ్మకు ఎప్పుడో ఇచ్చిన బూడిదరంగు శాలువా గంప కింద చుట్టకుదురైపోయింది. గున్నమ్మ వీధిలోకి వచ్చిన ప్రతి ఉదయం ఆ శాలువా వైపే హైమావతి చూపు పోయేది, మనసు చివుక్కుమనేది. ఇక ఆవిడ భర్త సన్యాసిరావు, బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి, కుట్లు లెక్కపెట్టేటప్పుడు పలకరించకూడదని పెళ్లయిన కొత్తలోనే నేర్చుకున్నాడు. కాఫీ కావాలంటే సైగ చేస్తాడు. ఎండాకాలంలో కూడా ఆవిడ అల్లిన గోధుమరంగు స్వెట్టరు వేసుకుని చెమటలు కక్కుతూ తిరుగుతాడు. కాపురం సజావుగా సాగుతోంది.

పని ఈ ఒడ్డున మొదలైంది. సూదులుగా రోడ్డు వెడల్పున్న రెండు వెదురు బొంగులు ఇచ్చారు. మోకు లావున్న ఊలును ఎడ్లబండ్ల మీద తోలారు. హైమావతి ఒక వరస అల్లడమంటే ఆ బొంగు వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం, మళ్లీ వెనక్కి నడవడం. అల్లిన మేర మీదే నిలబడి ముందుకు అల్లుకుంటూ పోయింది. ఒడ్డు వెనకబడింది. కాళ్ల కింద నేల బదులు నీలం ఊలు, దాని కింద గెడ్డ. ఇంతలో ఊరివాళ్లు వెనకనుంచి నడిచివచ్చి, చేత్తో తడిమి, మెత్తగా ఉందని చెప్పి పోయేవారు. ఇంత మెచ్చుకోలు ఆవిడ జన్మలో ఎరగదు.

వంతెన గెడ్డ నడిమికి వచ్చిన రోజున టీవీవాళ్లు వచ్చారు. హైమావతి వరస మధ్యలో ఉంది. లెక్క నాలుక చివర ఉంది. పెళ్లిళ్లలో, చావుల్లో కూడా వరస మధ్యలో ఆవిడ తల ఎత్తిన పాపాన పోలేదు. కానీ కెమెరా పట్టుకున్నవాడు, "అమ్మా, ఒక్కసారి ఇటు సూడండమ్మా, కొంచెం నవ్వండి" అన్నాడు. ఆవిడ చూసింది. నవ్వింది. చెవి వెనక్కి జుట్టు కూడా సర్దుకుంది.

సాయంత్రం పని ముగించి వెనక్కి వస్తుంటే కాలికి ఏదో తేడాగా తగిలింది. వంగి చూస్తే ఒక కుట్టు జారిపోయి ఉంది. సరిగ్గా నవ్విన చోట. అప్పటికి దాని మీద బోలెడు వరసలు పడ్డాయి. జారిన కుట్టు ఉన్నచోట ఉండదన్నది ఊలు పట్టిన ప్రతివాళ్లకూ తెలుసు. అది కింది వరసలోకి, దాని కింది వరసలోకి మెట్లు దిగినట్టు దిగుతూ పోతుంది. ఆవిడ లెక్కలో విప్పడం ఒక్కటే దారి.

ఇంటికి వచ్చి టీవీలో తన నవ్వు చూసుకుంది. ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. "మీరు ఒక్క కుట్టు తప్పినా విప్పేస్తారట కదా పిన్నీ, టీవీలో చెప్పారు" అంది పక్కింటావిడ, ఆ మఫ్లరావిడే. హైమావతి లేచి టీవీ కట్టేసింది. అందరూ వెళ్లాక సన్యాసిరావు అడిగాడు.

"ఏటయ్యింది హైమా? అలగున్నావేటి?"

"ఒక కుట్టు జారిపోయిందండీ. నడిమధ్యలో. విప్పాలి."

"రేపొద్దున్న విప్పితే ఊరంతా సూస్తారు గదా. ఒక్క కుట్టు. ఒగ్గీ. జనం నడిచీది కాళ్లతోటి, కళ్లతోటి కాదు."

ఆ మాట ఆవిడ కోరుకున్న మాటే. అందుకే అతని మీద కోపం వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఎర్ర ఊలు తీసుకెళ్లి, జారిన కుట్టు మీద ఒక పువ్వు కుట్టింది. పాడైన చోట పువ్వు వేయడం అల్లికలో ఉన్న అతి పాత మోసం. ఇతరుల స్వెట్టర్ల మీద పువ్వు కనబడితే, దాని కింద ఏముందో తనకు తెలుసని ఆవిడ ముప్పయ్యేళ్లుగా నవ్వుతూ వచ్చింది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రిబ్బను బదులు ఊలుపోగు కట్టి కత్తిరించారు. శిలాఫలకం బదులు వంతెన మొదట్లో గుడ్డ లేబులు కుట్టారు. దాని మీద ప్రముఖుల పేర్లు, వాటి కింద గోరువెచ్చని నీళ్లలో ఉతకవలెను, పిండరాదు అన్న సూచన ఉన్నాయి. మాసిపోకుండా, వంతెన మీదికి చెప్పులతో రాకూడదని నిబంధన పెట్టారు. మంత్రిగారి నుంచి మేకలమంద దాకా అందరూ ఉత్త కాళ్లతోనే దాటాలి. చైర్మన్ తన ఉపన్యాసంలో ఎర్ర పువ్వు దగ్గర ఆగి, ఇది శ్రమజీవి గుండె అన్నారు. చప్పట్లు మోగాయి. హైమావతి నేల వైపు చూస్తూ నిలబడింది. అది వినయమని పేపర్లో రాశారు.

పువ్వు అక్కడితో ఆగలేదు. మున్సిపాలిటీ దాన్ని తన ముద్రగా చేసుకుంది. పన్ను రసీదుల మీద, నీళ్ల ట్యాంకర్ల మీద, చెత్త బండ్ల మీద అదే పువ్వు. కొత్త జంటలు దాని పక్కన కూర్చుని ఫోటోలు దిగేవారు. హైమావతి కొళాయి తిప్పినా, చెత్త పారబోసినా తన తప్పు ఎర్రగా ఎదురుపడేది. బజారుకు వెళ్లడం తగ్గించేసింది.

వంతెన మాత్రం బాగానే నడిచింది. బస్సు మధ్యకు వచ్చేసరికి ఊలు సాగి చక్రాలు నీళ్లకు తగిలేవి, లోపలికి నీళ్లు చిమ్మేవి. అక్కడ కండక్టరు కాళ్లు పైకి అని కేక వేసేవాడు, ప్రయాణికులు కాళ్లు ఎత్తేవారు. చిమటలు పట్టకుండా రెండు వైపులా కొబ్బరికాయలంత కలరా ఉండలు వేలాడదీశారు. వానలకు ఊలు ముడుచుకుపోయి రెండు ఒడ్లూ ఒక బారెడు దగ్గరకు జరిగాయి. దానివల్ల ఆస్పత్రి దగ్గరైందని చైర్మన్ ప్రకటించారు. జరిగిన నేల ఎవరిదన్న సంగతి రెవెన్యూవాళ్లు చూస్తున్నారు.

వానలు వెలిశాక ఒక ఉదయం గున్నమ్మ కాలు వంతెనలోకి దిగిపోయింది.

గున్నమ్మది అవతలి ఒడ్డు. తెల్లారగానే తోటకూర, గోంగూర గంపకెత్తుకుని ఇటు వస్తుంది. ఆ రోజు పువ్వు పక్కన అడుగు వేయగానే ఊలు విడిపోయి మోకాలి దాకా కిందికి పోయింది. గంప ఒరిగి కూర నీళ్ల పాలైంది. నలుగురూ పట్టి పైకి లాగారు. కాలు చీరుకుపోయి నెత్తురు కారుతుంటే, "నానేటి సేసినాను బాబూ, కాలెట్టినాను, దిగిపోనాది" అని ఆవిడే అందరికీ సంజాయిషీ చెప్పుకుంది. వంతెనకేమైనా అయిందేమోనని వంగి చూసింది కూడా.

ఏఈ పట్నాయక్ వచ్చి తనిఖీ చేశాడు. మున్సిపాలిటీలో ఇంజనీరంటే ఆయనే. కన్నం ఉంది. వంతెన లోపం లేకుండా పూర్తయినట్టు పత్రం కూడా ఉంది. లోపం లేని వంతెనలో కన్నం పడిందంటే బయటి కారణం ఉండాలి. బయటినుంచి వచ్చింది గున్నమ్మ కాలు. ఊలుకు ఏం తగిలితే పోగు లేస్తుందని ఆయన ఆఫీసులో అందరినీ అడిగాడు. గోరు, గాజు, మట్టె అన్నారు. కాలు కాబట్టి మట్టె ఖాయమైంది. కాలిమట్టె తగిలించి ప్రభుత్వ స్వెట్టరుకు నష్టం కలిగించినందున గున్నమ్మ ఇకమీదట వంతెన మీద అడుగు పెట్టరాదని నోటీసు తయారైంది. హైమావతి ఇంటి అరుగు ముందే దాన్ని చదివి వినిపించారు, ఎందుకంటే ఆ వేళకు గున్నమ్మ అక్కడ కూర అమ్ముతుంది. గున్నమ్మ శ్రద్ధగా విని, వేలిముద్ర వేసి, "అలగే బాబూ" అంది. తరువాత హైమావతి వైపు తిరిగి గోంగూర కట్ట చూపించింది.

చదివే మనిషి ఆగగానే తప్పు తనదని చెప్పాలనుకుంది హైమావతి. ఆగాడు, ఆవిడ గోంగూర తీసుకుంది, అంతే.

ఆనాటి నుంచి గున్నమ్మ వంతెన కింద గెడ్డలో దిగి నడిచి వస్తోంది. నడుము దాకా తడిసిన చీరతో, గంప నెత్తిన పెట్టుకుని, ఎత్తైన రాళ్లు చూసుకుంటూ. పైన ఊరంతా మెత్తగా నడుస్తుంటుంది. వీధి గుమ్మంలో ఆవిడ నిలబడితే కాళ్ల కింద మడుగు కట్టేది. హైమావతి సిగ్గుతో చితికిపోయి, అక్కర్లేకపోయినా కట్టలు కట్టలు కొనేది. ఇంట్లో రెండు పూటలా ఆకుకూరే. సన్యాసిరావు కొన్నాళ్లు ఓర్చుకుని, "మనం మేకలమేటి?" అని అడిగాడు. జవాబు బదులు ఆవిడ ఏడ్చింది. అతనికి విషయం తెలుసు కనుక మళ్లీ అడగకుండా తోటకూర కలుపుకున్నాడు.

కన్నం పెరుగుతూనే ఉంది. కుట్టు రోజుకు కొంత కిందికి దిగుతోంది. పువ్వు ఒక పక్క వేలాడింది. బడిపిల్లలు అది దాటేటప్పుడు గెంతడం నేర్చుకున్నారు. చిన్నపిల్లల గెంతు ఒకనాడు చాలకపోవచ్చు. ఆ ఆలోచన వచ్చాక హైమావతి ఇక ఆగలేక, మంచి చీర కట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది.

"బాబూ, ఆ కన్నం గున్నమ్మ వల్ల కాదు. నా వల్ల. టీవీవాళ్లు నవ్వమంటే తలెత్తాను. కుట్టు జారింది. నాకు తెలుసు. తెలిసే పువ్వు కుట్టాను."

పట్నాయక్ మర్యాదస్తుడు. ఆవిడకు కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించాడు.

"అమ్మా, ఆ పువ్వు మున్సిపాలిటీ ముద్ర. దాని కింద తప్పుంటే మేం ఇచ్చిన రసీదులన్నిటి కిందా తప్పున్నట్టే కదా."

"విప్పేస్తానండీ. మళ్లీ అల్లుతాను. ఊరికే అల్లుతాను."

"అల్లడానికి మంజూరుంది. విప్పడానికి లేదు. విప్పాలంటే వేరే టెండరు పిలవాలి. ఇంతవరకు ఈ రాష్ట్రంలో విప్పడానికి ఎవరూ టెండరు పిలవలేదు."

"పోనీ వంకీ సూది ఒకటి ఇప్పించండి. కుట్టు ఎత్తి పైకి తెస్తాను."

"ఆమోదించిన అంచనాలో రెండు తిన్నని సూదులే ఉన్నాయి. పూర్తయిన వంతెనలో సూది గుచ్చితే అది కేసవుతుంది. మీమీద కేసు పెట్టాలంటే నాకు మనసొప్పదమ్మా."

తరువాత ఆయనే, కుట్టు ఇంకా దిగకుండా ఎవరైనా పట్టుకుంటే సరిపోతుందా అని అడిగాడు. హైమావతి నిజాయితీగా ఆలోచించి, వేలు దూర్చి పట్టుకుంటే ఆగుతుందని చెప్పింది. ఆయన ముఖం విప్పారింది.

"అలాంటి పోస్టులు మనకున్నాయి. బడి దూలం పడిపోకుండా దాని కింద సైన్సు మాస్టారు నిలబడుతున్నారు కదా, ఆయనది అదే కేటగిరీ. ఆస్పత్రిలో ఊడిన వైరు పట్టుకునే ఆయన రేపో మాపో పర్మనెంటు కూడా అవుతాడు. టెండరు వచ్చేదాకే."

"మరి గున్నమ్మ నోటీసు?"

"అది వేరే సెక్షనమ్మా. రద్దు చెయ్యాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే లోపం ఒప్పుకోవాలి." ఆయన నిజంగానే బాధపడ్డాడు.

తప్పు ఒప్పుకుంటే గుండె తేలికవుతుందని విన్నది. ఆవిడకు అలా ఏమీ అవలేదు. ఒప్పుకోలు ఆఫీసులో కుర్చీ మీదే ఉండిపోయినట్టు, తను మాత్రం వెళ్లినంత బరువుతోనే తిరిగి వచ్చింది.

మర్నాటి నుంచి హైమావతి వంతెన మధ్యలో, బస్సుకు దారి వదిలి, చాప వేసుకుని కూర్చుంటోంది. చూపుడువేలు కుట్టులో ఉంటుంది. కుట్టు సంరక్షకురాలు, తాత్కాలికం అని పక్కన బోర్డు పెట్టారు. మధ్యాహ్నం సన్యాసిరావు క్యారేజీ తెచ్చి, తనే ముద్దలు కలిపి తినిపిస్తాడు. దాటేవాళ్లు దండం పెడతారు. చైర్మన్ ఒకసారి శాలువా కప్పారు. బజారులో కొన్న శాలువా, మెషీను అల్లిక. ఆవిడ వేలు కదపకుండా తల వంచి కప్పించుకుంది. చీకటి పడి వంతెన మూసేశాక కుట్టుకు పిన్నీసు పెట్టి ఇంటికి వెళుతుంది. పగటి బరువుకు పిన్నీసు ఆగదు.

కూర్చున్నచోటు నుంచి కన్నంలోకి చూస్తే గెడ్డ కనబడుతుంది. ప్రతి ఉదయం ఆ కన్నంలోంచి ముందు గంప వస్తుంది, దాని కింద చుట్టగా చుట్టిన బూడిదరంగు శాలువా, ఆ తరువాత గున్నమ్మ. మొదటి రోజుల్లో హైమావతి ఆ వేళకు కళ్లు మూసుకునేది. ఒక రోజు మూసుకోలేదు. నీళ్లు ఆ రోజు గున్నమ్మ ఛాతీ దాకా ఉన్నాయి.

"గున్నమ్మా!"

గున్నమ్మ ఆగింది. గంప కదలకుండా కళ్లు మాత్రం పైకి ఎత్తింది.

"తప్పు నాది గున్నమ్మా. కుట్టు నేనే వదిలేశాను. నీ మట్టెది కాదు."

"తెల్సమ్మా" అంది గున్నమ్మ.

"తెలుసా?"

"నాకు మట్టెలెక్కడివమ్మా? మా ముసిలోడు పోయిన్నాడే తీసీసినారు గదా. నువ్వూ వొచ్చినావు. వొణుకుతన్నానని ఈ సాలువా నువ్వే కప్పినావు." ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. జ్ఞాపకం చేయడానికి చెప్పింది. "బాగా గట్టిదమ్మా నీ అల్లిక. ఇన్నేళ్లు మోసినా ఒక్క పోగు లెగలేదు."

హైమావతికి అంతా ఒక్కసారి గుర్తొచ్చింది. పాడె లేచిన వాకిలి, గోడకానుకుని కూర్చున్న గున్నమ్మ, తన చేతుల్లోని బూడిదరంగు శాలువా. అది తను ఎందుకు ఇచ్చిందో మరిచిపోయి, గున్నమ్మ దాన్ని చుట్టకుదురు చేసిందని ఇన్నేళ్లూ చిన్నబుచ్చుకుంది. వంతెన మీద చెప్పుల్లేవు. ఊరంతా ఆ ఉత్త పాదాలను చూసింది. పట్నాయక్ చూశాడు. కారే నెత్తురు తుడిచినవాళ్లు చూశారు. నోటీసు చదువుతున్నప్పుడు ఆ పాదాలు తన అరుగు ముందే ఉన్నాయి. తను గోంగూర వైపు చూసింది.

"మరి అప్పుడు చెప్పలేదేం?"

"సెప్తే కాళ్లు సూస్తారేటమ్మా?" అంది గున్నమ్మ. ఒడ్డున బడిగంట వినబడింది. "జాగర్త, యేలు తీసీకు. పిల్లలు వొస్తన్నారు." ఆవిడ మళ్లీ నడక సాగించింది. కన్నంలోంచి గంప, శాలువా ఒకదాని వెంట ఒకటి తప్పుకున్నాయి.

హైమావతికి ముఖం కప్పుకోవాలనిపించింది. ఒక చెయ్యే ఖాళీగా ఉంది. దానితో సగం ముఖమే మూతపడింది. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి, అలవాటు ప్రకారం ఆవిడ పక్కనుంచి ఒక్కొక్కరే గెంతి దాటారు. వెనకాల వచ్చిన బస్సు సాగిన చోటికి చేరగానే కండక్టరు కాళ్లు పైకి అని కేక వేశాడు. లోపల అందరూ కాళ్లు ఎత్తారు.